కొన్నవాళ్ల సొమ్ముతో

ఎవరిస్తో మాస్టారు రోములోని తెస్తాచ్చో పేటలో ముప్పై ఎనిమిదేళ్లు లాటిన్ చెప్పి రిటైరయ్యారు. రిటైరైంది బడి నుంచే, చెప్పడం మానలేదు. బజారులో ఎవరైనా "సోల్దీ లేవు మాస్టారూ" అన్నారంటే చాలు, కూరల సంచీ కింద పెట్టేసి, డబ్బుకు వాడే ఆ మాట సోలిదుస్ అనే పాతకాలపు బంగారు నాణెం నుంచి వచ్చిందనీ, కాబట్టి మీ దగ్గర లేనిది బంగారమనీ వివరించేవారు. వెయ్యి లీరాలను జనం "సంచీ" అనడం మీద ఆయన దగ్గర గంటసేపటి ఉపన్యాసం ఉంది. అది ఒకసారి విన్నవాడు ఆయన ఎదుట మళ్లీ ఆ మాట ఎత్తడు.

ఆ బజారులో అదెల్మో మాంసం కొట్టుకు మంచి పేరు. మాంసం మేలైనది, అతని బొటనవేలు బరువైనది. తూచేటప్పుడు అది తక్కెడ పళ్లెం అంచు మీద ఊరికే అలా ఆని ఉండేది. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. ముప్పై ఏళ్లు అలా తూచాక, అదెల్మో తన డబ్బుతో బజారుకు రాతి తొట్టీ, మంచినీళ్ల కొళాయీ కట్టించాడు. దానం చేస్తే లాటిన్ ఫలకం ఉండాల్సిందే. లేకపోతే ఆ పేటలో అది దానం కిందికే రాదు.

బజారు సంఘం వాళ్లు మాస్టారింటికి వచ్చారు. "మీరైతే గ్రాతిస్‌గా రాసిపెడతారని..." అన్నది లాయరు ఫ్లమీనియా, ఒకప్పటి ఆయన శిష్యురాలే.

"గ్రాతిస్ అంటే ఉత్తినే అని కాదమ్మా. కృతజ్ఞత చెబితే చాలు, డబ్బు వద్దని."

"అదే మాస్టారూ, ఉత్తినే," అంటూ ఆమె లేచింది. కృతజ్ఞత కూడా చెప్పలేదు.

మాస్టారి గుండెలో చాలాకాలంగా ఒక ముల్లు ఉంది. తాను చెప్పినదాంట్లో ఒక్క ముక్కయినా ఎవరి బుర్రలోనైనా మిగిలిందా? తేల్చుకోవాలనుకున్నారు. ఇలాంటి ఫలకాల మీద "పెకూనియా సువా", అంటే సొంత సొమ్ముతో, అని చెక్కడం రివాజు. పెకూనియా అన్న మాట పశువుల నుంచే పుట్టింది గనుక కసాయివాడికి అతికినట్టుంది; దాన్ని ఉంచారు. సువా కొట్టేసి "ఎంప్తోరుమ్" అని రాశారు. కొన్నవాళ్ల సొమ్ముతో అదెల్మో కట్టించాడని అర్థం. ఎవరో ఒకరు అదిరిపడతారు, నవ్వుకుని దిద్దేద్దామని ఆయన ఆశ.

సంఘంలో ఏడుగురుంటే ఐదుగురు ఆయన శిష్యులే. కాగితం చేతులు మారింది. ఆ పేటలో పెద్ద చదువు చదివినవాళ్లు దొంగతనమైనా ఒప్పుకుంటారు గానీ లాటిన్ మరిచిపోయామని ఒప్పుకోరు.

"ఎంత గంభీరంగా ఉంది!" అన్నది ఫ్లమీనియా.

"ముఖ్యంగా ఆ చివరి మాట," అన్నాడు చేపల కొట్టు పెద్దమనిషి.

రాయి చెక్కారు, నిలబెట్టారు, చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్య నిలబడ్డ మాస్టారికి ఏడుపొచ్చింది.

శనివారం ఆయన ఎద్దుతోక కొనడానికి వెళ్లారు. అదెల్మో దాన్ని పళ్లెంలో వేసి, ఒకడుగు వెనక్కి జరిగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. తక్కెడ ముల్లు ఊగి నిలిచింది.

"చూసుకోండి మాస్టారూ. సరిగ్గా కిలో."

మాస్టారు తక్కెడ వంకా, అతని వంకా చూశారు. "నువ్వు... చదివావా?"

"ఎంప్తోర్, ఎంప్తోరిస్. ఈ మాట దగ్గరే కదా నన్ను రెండేళ్లు పరీక్ష తప్పించి బడి మాన్పించారు! చచ్చినా మరిచిపోతానా?"

"మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా, మార్పించేవాణ్ణి!"

"మార్చడమెందుకు? అందులో అబద్ధమేముంది గనక?"

ఒక్కడు! ముప్పై ఎనిమిదేళ్లకు ఒక్కడు, అదీ తాను తప్పించినవాడు. మాస్టారికి అతన్ని కావలించుకోవాలనిపించింది. అంతలో ఫ్లమీనియా వచ్చి అరకిలో కాలేయం అడిగింది. అదెల్మో చేతులు ముందుకు వచ్చాయి, బొటనవేలు పళ్లెం మీద ఆనింది. మాస్టారు నోరు తెరిచారు.

అదెల్మో ఆయన చెవి దగ్గరికి వంగాడు. "చదవగలిగినవాళ్లకి సరైన తూకం మాస్టారూ. ఆవిడ చదవలేదుగా."

మాస్టారు తెరిచిన నోరు మూసుకుని, పొట్లం చంకన పెట్టుకుని బయటికి నడిచారు. అందులో న్యాయం ఉన్నట్టే తోచింది ఆయనకు. సిగ్గుపడాలన్న సంగతి ఇల్లు చేరేదాకా గుర్తు రాలేదు.