కూర్చుని పాఠం చెప్పని ఓమా

కరోనా తగ్గిన మరుసటేడు బహ్రెయిన్‌లో, జుఫైర్ అనే పేటలో ఒక హాలండ్ వాళ్ళ ఫ్లాట్‌లో నాకు కేర్‌టేకర్ డ్యూటీ పడింది. కేర్‌టేకరంటే నర్సు కాదమ్మా, నా మాటలు రాసుకుంటున్నావుగా, అది కూడా రాయి. మందులు, సూదులు నర్సువి. లేపడం, స్నానం, తిండి, నడిపించడం మావి.

పేషెంటు ఆ ఇంటి మేడం వాళ్ళమ్మ. అందరూ ఓమా అనేవారు, వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. కూతుర్ని చూడ్డానికొచ్చి, బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక నడవొచ్చని డాక్టరు చెప్పినా, మళ్ళీ పడతానన్న భయంతో కుర్చీ వదల్లేదు. హాలండ్‌లో ఆవిడ ఇల్లు మేడ మీద. మెట్లెక్కలేకపోతే ఆ ఇల్లు వదులుకోవాల్సిందేనని మేడం చెప్పేసింది.

లేవమంటే మొహం అటు తిప్పుకునేది. ఒకప్పుడు బడి పంతులమ్మని తెలిసి, మీ భాష నేర్పమన్నాను. అప్పుడు నావైపు తిరిగింది.

వాళ్ళకి నడవడం 'లోపెన్'. చివర డ్ చేరిస్తే 'లోపెండ్', మన 'నడుస్తూ' లాంటిది. రాయడం డ్, పలకడం ట్. నవ్వడం 'లఖెన్', నవ్వుతూ 'లఖెండ్'. మనిషిని చెప్పే మాట ముందు పెడితే చివర ఇంకో ఎ తగులుతుంది: 'లఖెండె ఫ్రౌ', నవ్వుతున్న ఆడమనిషి. నేను నడుస్తున్నానని చెప్పబోయి 'ఇక్ బెన్ లోపెండ్' అన్నాను. పడీ పడీ నవ్వింది. అంటే కాలినడకన వచ్చానని అర్థమట!

ఏ మాటైనా చేసి చూపించడం ఆవిడ బడి అలవాటు. 'నిద్రపోతూ'కి కళ్ళు మూసేది, 'పాడుతూ'కి పాడేది. 'నిలబడి'కి 'స్తాండ్' అంది. అర్థం కాలేదన్నాను. విసుక్కుంటూ కుర్చీ చేతులు పట్టుకుంది. పడకుండా నేను పట్టుకునే బెల్టు నడుముకి కడుతున్నానని చెప్పి కట్టాను. లేచి నిలబడింది! మర్నాడు 'లోపెండ్' కూడా మర్చిపోయానన్నాను. కిటికీ దాకా నడిచి చూపించింది.

రోజూ వరండాలో పాఠం. మా డ్రైవర్ రాజన్నది నిజామాబాద్ వైపు. చూసి ఆటపట్టించేవాడు.

"ఏందక్కా, గీ వయసుల బడికి వోతున్నవా?"

"బడి నాక్కాదు రాజన్నా, ఆవిడ కాళ్ళకి!"

చివరికి మెట్ల దగ్గర నిలబెట్టి, ఎక్కుతూ అనడానికి ఏమంటారని అడిగాను. ఓమా నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు చెడ్డ స్టూడెంట్‌వి. అన్నీ వచ్చు నీకు," అంది ఇంగ్లీషులో.

"అది మాత్రం రాదు ఓమా."

"క్లిమ్మెండ్," అని రెయిలింగ్ పట్టుకుంది. వెనక నా చెయ్యి బెల్టు మీదే ఉంది. పై అంతస్తు చేరేదాకా ఆగలేదు. పైన మేడం నిలబడి ఉంది. తల్లి ఆవిణ్ణి చూసి, ఇల్లు వదలక్కర్లేదుగా అని మాత్రం అడిగింది. ఎండలు ముదరకముందే ఓమా హాలండ్ విమానమెక్కింది.

ఆ తర్వాత ఏ ఇంట్లో డ్యూటీ పడినా, పేషెంటుకి ఏం చేతకాదో నర్సు చెప్పేది. ఏం చేతనవునో నేనడిగి తెలుసుకునేదాన్ని. పని అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.