దోసెడుకో పేరు

సుబేదారిలోని సర్కారు బడి వంటగదిలో చిలుకమ్మ బియ్యాన్ని డబ్బాతో కొలవదు. పొద్దున్నే కొంగు బొడ్లో దోపుకుని, బస్తా ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో పిల్ల పేరు చెప్పుకుంటూ ఒక్కో దోసెడు గంపలో పోస్తుంది. "రఘునాథపల్లి మహిపాలు. నాయిన హమాలి. లెక్కల్ల ఫెయిలాయె, జర ఎక్కువ తినాలె." ఆ పేరుకు దోసిలి కాస్త నిండుగా లేస్తుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ మార్కులిచ్చిన రోజు పిల్లలు ఇంటికన్నా ముందు ఆమె దగ్గరికే వస్తారు.

మొన్న పిల్లల వివరాలు పై ఆఫీసుకు పంపాల్సి వచ్చి, సౌమ్య టీచరు రిజిస్టరుతో వంటగది గడపలో కూర్చుంది. సొంతూరు, తల్లిదండ్రుల పని, మార్కులు. వారం రోజులుగా నిండని గళ్లన్నీ చిలుకమ్మ బియ్యం కొలిచినంత సేపట్లో నిండిపోయాయి. ఎనభై ఆరుగురు. మార్కుల జాబితాతో సరిచూస్తే ఒక్క తప్పూ దొరకలేదు. సౌమ్య రిజిస్టరు మూయబోయింది. అంతలో చిలుకమ్మ ఇంకో దోసెడు పోసింది. "పాలకుర్తి తిరుమల."

"తిరుమల రాక రెండు నెలలాయె గదక్కా. నిన్ననే పేరు కొట్టేసిన."

"అమ్మతోని ఊరికి పత్తి ఏరవోయింది మేడం. అయిపోంగనే వస్తది."

"మరి ఇన్ని దినాలు ఆమె బియ్యం పోస్తనే ఉన్నవా?"

"ఏ దినం వస్తదో నాకేమెరుక?" అంది చిలుకమ్మ, గంప ఎత్తుకుంటూ.

సౌమ్య కొట్టేసిన పేరు కిందనే ఆ పేరు మళ్లీ రాసింది.