షెకినా విమానంలో రెండో బ్యాటరీ

బీదర్ గాంధీ గంజ్‌లో బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటాలు చెడిపోతే షెకినా దగ్గరికే తెస్తారు. కాంటా తేడా చూపిందంటే సేటూ హమాలీ ఇద్దరూ ఆమె మొహమే చూస్తారు. బాగుచేసిన కాంటా మీద మళ్లీ ఒకసారి తూకపురాయి పెట్టి చూడందే ఆమె ఎవరికీ ఇవ్వదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం వేరే మనిషి. తను చేసిన థర్మాకోల్ విమానాన్ని అట్టపెట్టెలో పెట్టుకొని సంతపూర్ బస్సెక్కుతుంది. బీదర్ ఆకాశం వాయుసేన విమానాలది. అక్కడ ఆటవిమానాలకు చోటు లేదు. సంతపూర్‌లో మల్లప్ప బీడు మీద కరెంటు తీగలు లేవు. ఆమెకు దొరికిన మైదానం అదొక్కటే. బస్సు ఎటు పోతే అటు పోయే అలవాటున్న నేను ఆ ఆదివారం ఆమె పక్క సీట్లో పడ్డాను, పెట్టెలో ఏముందని అడిగాను, ఆమెతో పాటే దిగాను.

మల్లప్ప గట్టు మీదే నిలబడి ఉన్నాడు.

"మొన్న మా కందిచేన్ల పడ్డది యాదికున్నదా? ఇమానం పడ్డదాని కంటె, దేవులాడిన నీ కాళ్ల కిందనే పూత ఎక్కువ రాలింది. ఇప్పుడు జొన్న నిలవడ్డది. పడదని ఇయ్యాల సూపియ్యి. లేకుంటె ఇగ రాకు."

"అందుకే రెండో బ్యాటరీ పెట్టిన మామా."

మొదటిసారి జరిగింది ఇది: ఫంకా తిప్పే పెద్ద బ్యాటరీ నుంచే, కింది మనిషి మాట వినే రిసీవర్‌కూ కరెంటు పోతుంది. నడుమ దాన్ని తగ్గించి పంపే చిన్న సర్క్యూట్ గాలిలోనే మాడిపోయింది. విమానానికి చెవులు మూసుకుపోయాయి.

"ఒకటి ఆగమైతే రెండోది ఏం జేస్తది?" అన్నాడు మల్లప్ప.

"నీ బాయి మోటరు, బోరు ఒకటే పైపుల గలిసినయి గదా. బోరు ఆగితే బాయి నీళ్లొస్తయి. నడుమ వాల్వులున్నయి గాబట్టి ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లకు పోవు. గిది గూడ గంతే." నల్లపూసంత డయోడ్లు రెండు చూపించింది.

నీళ్లకు దారి చెప్పడం ఈ వైపు పాత విద్యే. బీదర్ కింద ఎర్రరాతిలో తొలిచిన నీటి సొరంగంలో ఒకప్పుడు నడుం వంచి నడిచాను. సరే, ఆ కథ వేరు.

షెకినా పెద్ద బ్యాటరీ ప్లగ్గు ఊడపీకింది. చేతిలోని రిమోట్ కదిపితే తోక ఇటూ అటూ ఊగింది. మల్లప్ప వంగి చూసి, "అరె, పాణమున్నది!" అన్నాడు.

అతని భార్య రాచమ్మ కొట్టం నుంచి కేకేసింది: "తోక ఊపుడు జూస్తె కడుపు నిండుతదా? రొట్టెలు సల్లారుతున్నయి, రాండ్రి!"

షెకినా విమానాన్ని గట్టు మీది రాళ్ల పక్కన దించి లేచింది. జొన్నరొట్టె, పుంటికూర. ఓడలు రెండో లంగరు ఎందుకు మోస్తాయో నేను మొదలుపెట్టాను; ఓడ ఒడ్డు చేరేలోపు చాలా పొద్దు పోయింది.

తిరిగొచ్చాక మల్లప్ప, "ఎగరేయి మరి. నేను ఒప్పుకున్న," అన్నాడు.

షెకినా పెద్ద బ్యాటరీ తగిలించింది. అంతా కదిలింది. కాంటా మీద మళ్లీ రాయి పెట్టి చూసే అలవాటు కొద్దీ ప్లగ్గు మళ్లీ పీకింది. తోక కదల్లేదు.

ఆమెకు వెంటనే అర్థమైంది. పెద్దది పీకితే అంతా ఆగిపోయిందనుకునే పాత అలవాటు. చిన్నదానికి స్విచ్ పెట్టలేదు. గట్టు మీద తోక రాయికి ఆని ఉండిపోయింది; దాన్ని కదిపే చిన్న మోటారు మేం తిన్నంతసేపూ రాయిని నెడుతూనే ఉంది. చిన్న బ్యాటరీ ఖాళీ. ఛార్జర్ గంజ్‌లో ఉంది.

ఆమె విమానాన్ని పెట్టెలో పెట్టి సంగతి చెప్పింది.

"పెద్దదాంతోటి ఎగరదా?" అన్నాడు మల్లప్ప.

"ఎగురుతది మామా. మీ కందిల పడ్డనాడు గూడ దాంతోనే ఎగిరింది."

"గంత దూరం డబ్బా మోస్కొచ్చి, రొట్టె దిని పోతున్నదా!" అంది వెనకే వచ్చిన రాచమ్మ.

మల్లప్ప నవ్వలేదు. "నేనైతే ఒప్పుకుంటి. నాకు తెల్వకపోతుండె. ఎందుకు జెప్పినవ్?"

"నీ జొన్నకు తెలుస్తుండె."

ఆయన చేను వైపు చూసి, తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"వచ్చే ఐతారం రా. ఈ ముసలాయన్ని మాత్రం తేకు. రొట్టె కాడ లేవనియ్యడు."

బస్సు కోసం నిలబడ్డప్పుడు షెకినా పెట్టె మూత తెరిచింది. విమానం పొట్ట మీద వేలు జరుపుతూ, స్విచ్‌కు చోటు వెతుకుతోంది.