బాడుగ రాని ఐదిళ్లు

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పుంగనూరు శాఖ నుంచి మదనపల్లెకు బదిలీ చేశారు. హోదా సీనియర్ మేనేజరు, బాధ్యత గృహరుణాలు. బ్యాంకులో సీనియర్ మేనేజరంటే కిందివాళ్లు చేసిన తప్పుకూ పైవాళ్లు చేయించిన తప్పుకూ కలిపి సంతకం పెట్టే మనిషి. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి సంతకాలు జాగ్రత్తగానే పెడుతున్నానని అనుకునేవాణ్ని.

నేను చేరిన రెండో నెలలో రెడ్డెప్ప వచ్చాడు. అరవై దాటిన మనిషి. టమోటా మండీలో ముప్పై ఏళ్లు వ్యాపారం చేసినవాడు. పెట్టెలో పై వరస కాయను చూసి ఒక్కనాడూ ధర చెప్పలేదని ఆయనకు పేరు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు కాయ తీసి, పిసికి, వాసన చూసి, రైతు మొహం కూడా చూసి అప్పుడు నోరు విప్పేవాడట. ఇక మండీ వద్దనుకున్నాడు. అంగళ్లు పోయే రోడ్డులో ఐదు పోర్షన్ల మేడ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఐదింటిలోనూ జనం కాపురముంటున్నారు. ఇంటికి ఎనిమిది వేల చొప్పున నెలకు నలభై వేలు బాడుగ అని అమ్మే ఆయన చెప్పాడు. బ్యాంకు కంతు ముప్పై ఆరు వేలకు మించదు. కంతు బాడుగలే కట్టుకుంటాయి, మిగిలిన నాలుగు వేలకు తోడు మండీలో తమ్ముడిచ్చే వాటాతో తాను కాలు మీద కాలేసుకుంటాడు. ఇదీ రెడ్డెప్ప పథకం. తన వంతు సొమ్ము కోసం కాపురముంటున్న పాత ఇల్లు అమ్మేసి, పక్క వీధిలో బాడుగ ఇంటికి మారాడు. అంటే ఆయన బతుకంతా ఆ ఐదు బాడుగల మీదే పెట్టాడు.

కట్టిన ఇల్లు కొనడానికి అప్పివ్వాలంటే బ్యాంకుకు మూడు కాగితాలు కావాలి. ఒకటి, మా ప్యానెల్ లాయరు ఇచ్చే అభిప్రాయం. ఆయన ముప్పై ఏళ్ల ఈసీ తెప్పించి చూస్తాడు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైన లావాదేవీల జాబితా. నమోదు కానిది ఆయన దృష్టిలో జరగనట్టే. రెండు, ప్యానెల్ ఇంజనీరు ఇచ్చే విలువ నివేదిక. ఆయన గోడలు కొలుస్తాడు, బాడుగ ఎంత పలుకుతుందో ఎదురుగా ఉన్న టీ కొట్లో అడుగుతాడు. మూడు, బ్యాంకు అధికారి స్వయంగా వెళ్లి, లోపలున్న మనుషులతో మాట్లాడి రాయాల్సిన తనిఖీ నివేదిక. ఆ అధికారిని నేను.

వీళ్లు చాలరన్నట్టు రెడ్డెప్ప తరఫున వెంకటగిరికోట నుంచి ఒక వాస్తు పండితుడు దిగాడు. ఈశాన్యంలో సంపు ఉందని సంతోషించి, మెట్టు ఒకటి ఎక్కువైందని బాధపడి, ఒక మెట్టు కొట్టించాలన్నాడు. రెడ్డెప్ప మిద్దెక్కి ట్యాంకులో తల పెట్టి చూశాడు, గోడలు తట్టి చూశాడు, మోటారు వేయించి దాని చప్పుడు విన్నాడు. ఇంటి లోపలున్న ఐదు కుటుంబాలను మాత్రం ఒక్క మాట అడగలేదు. అమ్మే ఆయన వద్దన్నాడట. "అమ్ముతాండానని తెలిస్తే అందరూ ఖాళీ చేసి పోతారు రెడ్డెప్పా, నిండు ఇల్లు నీకు బోసిగా దొరుకుతాది" అన్నాడట. రెడ్డెప్పకు ఆ మాట నచ్చింది. మనుషులు ఉన్న ఇల్లు కొంటూ మనుషులకు తెలియకుండా కొనాలనుకున్నాడు.

అమ్మే ఆయన పేరు మునస్వామి. కుప్పం మనిషి, కాంట్రాక్టరు. నా తనిఖీ రోజున తెల్ల చొక్కాతో ముందే వచ్చి నిలుచున్నాడు. ప్రతి తలుపూ తానే తట్టి, "బ్యాంకు సారు వచ్చిండాడు, బాడుగ ఎంతో చెప్పండి" అని తానే నా ప్రశ్న అడిగేశాడు. కింద మొదటి ఇంట్లో జాకెట్లు కుట్టే లక్ష్మీదేవమ్మ మిషను ఆపి, "ఎనిమిదేలు సార్" అంది. "నీళ్లు బాగొస్తాండాయి, ఓనరు శానా మంచోడు" అని నేను అడగనిది కూడా చెప్పింది. తక్కిన నాలుగిళ్లలోనూ ఎనిమిదేలే. ఎవరికీ ఏ లోటూ లేదు.

ఇక్కడే నాకు బుద్ధి ఉండాల్సింది. మదనపల్లెలో వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని కొట్లాడని వీధి లేదు. బాడుగకు ఉన్నవాణ్ని ఎవరినైనా కదిలిస్తే ముందు నీళ్లు, తర్వాత కరెంటు బిల్లు, తర్వాత ఓనరు భార్య, ఈ వరసలో ఫిర్యాదులు వస్తాయి. ఐదిళ్లలో ఒక్కరూ సణగలేదంటే ఆ ఇంట్లో బాడుగ కట్టే ప్రాణి లేదని అర్థం. నేను మాత్రం ఆఫీసుకొచ్చి, "అద్దెదారులు సంతృప్తిగా ఉన్నారు" అని రాశాను. ఆ వాక్యం రాసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. లోను మంజూరైంది, రిజిస్ట్రేషన్ అయింది, మునస్వామి కుప్పం వెళ్లిపోయాడు.

ఒకటో తారీఖున రెడ్డెప్ప దంపతులు మైసూరుపాకు పొట్లాలతో కొత్త మేడకు వెళ్లారు. ఐదిళ్లవాళ్లూ కూర్చోబెట్టారు, ఐదిళ్లవాళ్లూ కాఫీలిచ్చారు. మైసూరుపాకు బాగుందన్నారు. బాడుగ సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి రోజే డబ్బడిగితే ఏం బాగుంటుందని ఈయనా ఎత్తలేదు. ఐదో తారీఖున మళ్లీ వెళ్లి, మొహమాటంగా లక్ష్మీదేవమ్మను అడిగాడు. ఆమె బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన వంద రూపాయల స్టాంపు కాగితం తెచ్చి చూపించింది. "బాడుగ యాడిదప్పా? మేము భోగ్యానికుండాము గదా" అంది.

మా వైపు సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. భోగ్యమంటే ఇంటి యజమానికి ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, గడువు దాకా బాడుగ లేకుండా ఉండటం. గడువు తీరితే ఆ మొత్తం తిరిగిచ్చి యజమాని ఇల్లు ఖాళీ చేయించుకోవాలి. ఇంటికి నాలుగు లక్షల చొప్పున ఐదు కుటుంబాలూ మునస్వామికి ఇచ్చాయి. ఆ డబ్బుతోనే ఆయన పై అంతస్తు లేపాడు. కాగితాలు రిజిస్టరు కాలేదు కాబట్టి ఈసీలో లేవు. లాయరుకు కనిపించలేదు. టీ కొట్టువాడికి తెలియదు. వాస్తు పండితుడికి అక్కరలేదు. నేను పుట్టి పెరిగింది ఈ జిల్లాలోనే, మా అక్క పదేళ్లు భోగ్యం ఇంట్లో ఉంది. అయినా నాకూ తోచలేదు. ఎందుకంటే బ్యాంకు ఫారంలో గళ్లు రెండే ఉన్నాయి: సొంతం, అద్దె. ఫారంలో లేనిదాన్ని కళ్లెదుట పెట్టినా బ్యాంకు అధికారికి కనిపించదు.

రెడ్డెప్ప నా క్యాబిన్లోకి వచ్చి కూర్చోలేదు. "నా బాడుగలు యాడ సార్?" అన్నాడు, నేనేదో సొరుగులో దాచినట్టు. ఆ సాయంత్రం ఆయనతో కలిసి వెళ్లాను. ఆ రోజు ఎనిమిది వేలని ఎందుకు చెప్పావమ్మా అని లక్ష్మీదేవమ్మను కొంచెం గట్టిగానే అడిగాను.

ఆమె తగ్గలేదు. "ఆయప్ప మీ పక్కనే నిలబడి ఉండె గద సార్. లోను వస్తేనే మీ దుడ్డు తిరిగిస్తా, ఎనిమిదేలని చెప్పండి అన్నాడు. నా నాలుగు లక్షలు పోతే నేను యాడికి పోయేది? మీరు ఇంకోసారి ఒక్కరే వచ్చి అడిగింటే చెప్పకుండానా? యాల రాలేదు?"

నాకు సిగ్గేసింది. అబద్ధమాడిన మనిషి నిలదీస్తుంటే, నిజం రాయడానికి జీతం తీసుకున్నవాణ్ని నేల చూశాను.

రెడ్డెప్ప కుప్పం కూడా వెళ్లొచ్చాడు. మునస్వామి ఇంట్లోనే ఉన్నాడు, పారిపోలేదు, మర్యాద చేశాడు. రిజిస్ట్రేషన్ దస్తావేజు తెచ్చి ఒక వాక్యం చదివి వినిపించాడట. కొనుగోలుదారు ఆస్తినీ అందులో నివాసమున్నవారినీ స్వయంగా విచారించుకుని తృప్తి చెందినాడు, అని. "జనాలుండారని నేను దాచినానా రెడ్డెప్పా? నువ్వే సూసినావు గదా" అన్నాడట. ఊరికొచ్చి లాయరును అడిగితే, ఇంట్లో కాపురమున్నవాళ్ల హక్కేమిటో కనుక్కోవడం కొనేవాడి పని, కనుక్కోకపోయినా తెలిసినట్టే లెక్క అన్నాడు. మునస్వామి మీద మోసం కేసు వేయవచ్చు, గెలవనూ వచ్చు, కానీ తీర్పు కాపీ మనవడు తెచ్చుకోవాల్సి ఉంటుందన్నాడు. ఆ మాటకు వేరే ఫీజు తీసుకున్నాడు.

మా నియంత్రణ కార్యాలయం నా వివరణ అడిగింది. రెండు పేజీలు రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది: ఫారంలోని గళ్లన్నీ పూర్తిచేసి ఉన్నందున అధికారి వైపు లోపం లేదు. మరి కొన్నాళ్లకు కొత్త ఫారం వచ్చింది. అందులో "భోగ్యం ఉందా?" అని ఒక గడి అదనంగా చేర్చారు. అమ్మకందారును అడిగి నింపవలెను అని కింద సూచన.

రెడ్డెప్ప మళ్లీ మండీకి వెళ్లాడు. ఈసారి వ్యాపారిగా కాదు, తమ్ముడి దుకాణంలో కాయ ఏరి పక్కన పెట్టే పనికి. కంతు ఆ సంపాదనతో, తమ్ముడిచ్చే వాటాతో, భార్య గాజులతో కట్టుకొస్తున్నాడు. లక్ష్మీదేవమ్మ గడువు తీరినప్పుడు ఆమె నాలుగు లక్షలు తిరిగివ్వడానికి ఆయనకు ఒకటే దారి కనిపించింది. ఆ ఇంటిని ఇంకొకరికి భోగ్యానికిచ్చి, వాళ్ల దగ్గర తీసుకుని ఈమెకు ఇచ్చాడు. ఒక్క రూపాయి తగ్గించలేదు. ఐదిళ్లకు యజమాని, ఒక్క ఇంటి నుంచీ బాడుగ రాదు, తాను మాత్రం పక్క వీధిలో నెలనెలా బాడుగ కడుతున్నాడు.

ఆ తరువాత రిటైరయ్యే దాకా నా పద్ధతి మార్చుకున్నాను. ప్రతి ఇంటికీ రెండుసార్లు వెళ్లేవాణ్ని, రెండోసారి అమ్మేవాడికి చెప్పకుండా, ఒక్కణ్నే. బాడుగ ఎంతని అడిగేవాణ్ని కాదు, ఈ ఇంట్లో మీకున్న ఇబ్బందేమిటని అడిగేవాణ్ని. తిట్లు వినిపిస్తే బాడుగ నిజమని రాసుకునేవాణ్ని. అలా నాలుగు లోన్లు ఆపాను. ఇంట్లో ఉన్న మనిషిని, అమ్మేవాడు పక్కన లేనప్పుడు, కొనకముందే అడగాలి. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఈ ఒక్క వాక్యం ఏ సర్క్యులర్‌లోనూ చదవలేదు.

రిటైరయ్యాక ఒకసారి మండీ దగ్గర రెడ్డెప్ప కనిపిస్తే ఈ పద్ధతి సంగతి గొప్పగా చెప్పాను. ఆయన చేతిలోని కాయ పెట్టెలో వేసి, "ఈ తెలివి నా ఇల్లు సూసేదానికి వచ్చినపొద్దు యాడ పెట్టినారు సార్?" అన్నాడు. నా దగ్గరున్న జవాబు ఒకటే. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది, ఐదిళ్లూ అరగంటలో ముగించి వచ్చేశాను.