దాహం లేదన్నవారికి నీళ్లు

మొన్న పొద్దున్నే మండపేట నుంచి ఫోను. అక్కడ మేం ఒకప్పుడు అద్దెకున్న ఇంటావిడ. "పక్కింటి పంతులుగారు పోయారండి. నిద్రలోనే," అంది. నా నోట వచ్చిన మొదటి మాట, "అక్కడ ఎండలు బాగా ఉన్నాయా?"

"లేదండి, రెండ్రోజుల్నించీ ముసురు. అలా అడిగారేంటి?" అందావిడ.

ఆ ప్రశ్న ఆయన నేర్పిందే.

పంతులుగారు అపరకర్మలు చేయించేవారు. ఎవరైనా పోతేనే ఆయనకు కబురు. ఉదయం ఆయన ఎదురైతే బయల్దేరినవాళ్లు గుమ్మంలోంచి వెనక్కి వెళ్లేవారు. ఆయన చూడనట్టే పక్కసందులోకి మళ్లేవారు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఒక మే నెల సాయంత్రం గోడ అవతలి నుంచి పిలిచారు.

"టీచరుగారూ, ఒక సందేహమండి. ఎండ మండితే ఆ రోజో మర్నాడో నాకు కబురొచ్చేస్తుంది. చలికాలం అలా కాదు. మంచు పట్టిన వారం పది రోజులకి వస్తుంది. పోయేది రెండుసార్లూ పెద్దవాళ్లే. ఎందుకంటారు?"

నాకు తెలియదు. ఇద్దరం వెళ్లి ప్రభుత్వాసుపత్రి డాక్టరుగారిని అడిగాం. పెద్దవయసులో చెమట సరిగా పట్టదనీ, నీళ్లు కావాలన్న సంగతి ఒంటికి తెలియదనీ, అందుకే ఎండ వెంటనే దెబ్బతీస్తుందనీ చెప్పారాయన. చలి మాత్రం బీపీ పెంచుతూ, రొమ్ము పట్టిస్తూ నిదానంగా లొంగదీస్తుందట.

"రాత్రి కూడా గాలి చల్లబడకపోతే ఇంకా ఎక్కువమందండి. నేను చూశాను," అన్నారు పంతులుగారు. డాక్టరుగారు పెన్ను కిందపెట్టి ఆయన వైపు చూశారు.

తిరిగొస్తుంటే దారిలో, "ముందే తెలుస్తున్నప్పుడు కబురొచ్చేదాకా కూర్చోడమేంటండి?" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం రైస్‌మిల్లు వెనక రేకుల ఇంట్లో ఉండే గుమాస్తాగారి తల్లిని చూడ్డానికి వెళ్లాం. కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మా అత్తగారు బాగానే ఉన్నారండి. మీరెందుకొచ్చారు?"

ఆయన వీధిలోకి దిగి ఎండలో నిలబడ్డారు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. మంచం మీదున్న ముసలావిడ చెయ్యి పొడిగా కాలుతోంది. మంచినీళ్లు ఇవ్వబోతే, "దాహం లేదమ్మా," అంది.

"లేదంటేనే ఇవ్వాలండి," అన్నారు వీధిలోంచి.

"ఎవరిదా గొంతు?" అంది ముసలావిడ. కోడలు నా వంక చూసింది. నేనే చెప్పాను. ముసలావిడ, "లోపలికి రమ్మను. ఎప్పుడో ఒకప్పుడు రావలసినవాడేగా, ఎండలో ఎందుకూ," అంది.

కోడలు పక్కకు తప్పుకుంది.

ఆ వేసవి ఆవిడ గట్టెక్కింది. మేం వెళ్లకపోతే ఏమయ్యేదో తెలియదు. ఆయనకూ తెలియదు, ఆ సందేహం ఆయన్ని వదల్లేదు. ఏటా ఎండల్లో, చలిలో వీధులు తిరుగుతూనే ఉన్నారు. కొన్ని తలుపులు చివరిదాకా తెరుచుకోలేదు. ఒక చలికాలం ఆయనే జ్వరంతో పడుకుంటే, ఆ వారంలోనే రిటైరైన పోస్టుమాస్టరుగారు పోయారు. "మొన్న వెళ్లవలసిందండి," అని చాలా రోజులు అంటూనే ఉన్నారు. మరో వేసవి చివర గోడ మీంచి తొంగిచూసి, "ఈ నెల తీరిగ్గా ఉన్నానండి," అన్నారు. అంత సంతోషంగా ఆయన్నెప్పుడూ చూడలేదు.

నాకు మాత్రం ఆ మొదటి మధ్యాహ్నమే గుర్తుండిపోయింది. ఆ మంచం పక్కన నేలమీద కూర్చుని, ఆయన చెంచాతో మజ్జిగ పట్టిస్తున్నారు. "ఇంకొక్క గుక్కండి." ముడతలు పడ్డ ఆవిడ గొంతు నెమ్మదిగా కదిలింది. ఆయన చెంచా అలాగే పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ గొంతు మళ్లీ కదిలేదాకా చూస్తూ ఉండిపోయారు.