ఇటుకల పండగనాటి డ్యూటీ

చైత్రంలో ఇటుకల పండగ వచ్చిందంటే ఊళ్లో మగవాడన్నవాడు ఇంట్లో ఉండడు. విల్లో బల్లెమో పట్టుకుని అడవికి పోవాల్సిందే. సోంబరు మాత్రం ఖాకీ చొక్కా తొడుక్కుని, ఒక్కడే, రిజర్వాయరు వెనక చిత్తడినేలకి బయల్దేరాడు. అక్కడి పిట్టలకి అతను కాపలాదారు. ఒకప్పుడు ఆ కొండల్లో అతన్ని మించిన వేటగాడు లేడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని ఊరు కొన్నాళ్లు నవ్వుకుంది.

నవ్వినన్నాళ్లూ బాగానే ఉంది. పోయినేడు పండగకి మంగ్లు, మరికొందరు బాతుల్ని కొట్టడానికి చిత్తడిలోకి దిగితే సోంబరు అడ్డం నిలబడ్డాడు. ఎవరి పేరూ పై అధికారులకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఊరివాళ్లు అతన్ని నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవారేమో. ఎప్పుడు చెబుతాడో అన్న భయం పట్టుకుంది వాళ్లకి. అప్పటి నుంచి అతను వస్తే మాటలు ఆగిపోతాయి. భార్య పోయిన ఇంట్లో గోడలే నయం, అవి ముఖం తిప్పుకోవు.

ఆ రోజు పిట్టల్ని చూడ్డానికి విశాఖపట్నం నుంచి భారతి గారు వచ్చారు. బ్యాంకులో రిటైరైన మనిషి, మెడలో బైనాక్యులర్స్. పండగపూట పక్కన ఒక మనిషి ఉంటుందని సోంబరు లోలోపల సంతోషించాడు. తీరా గట్టు మీద కూర్చున్నాక ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మాట్లాడకండి సోంబరూ, ఎగిరిపోతాయి."

అదీ నిజమే. కొత్తవాళ్లకి రోజూ ఆ మాట చెప్పేది తనే. నత్తగుల్ల కొంగలు బురదలో నత్తలు ఏరుకుంటున్నాయి. బుడుబుంగలు ఒకచోట మునిగి ఇంకోచోట తేలుతున్నాయి. అవతలి కొండ మీద వేటగాళ్ల డప్పులు, కేకలు. ఏ కేక ఎవరిదో సోంబరుకి తెలుస్తూనే ఉంది. ప్రాణం అటే లాగింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూ ఆవిడ అడిగింది. "పండక్కి మీవాళ్లు పిలవలేదా?"

"ఇక్కడ డ్యూటీ ఉన్నాది కదా మేడమ్. ఎలా పిలుత్తారు."

అబద్ధం. ముందురోజు చీకటి పడేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు, ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని.

సాయంత్రం ఆవిడ కారెక్కి వెళ్లిపోయింది. పొలం గట్ల మీదుగా ఇంటికి దగ్గర దారి ఉంది. సోంబరు ఊరి మధ్య దారి పట్టాడు. వేట నుంచి వట్టి చేతులతో వచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోసి ఆటపట్టించడం ఆ పండగ ఆనవాయితీ. ఎంతటి మొనగాడైనా తడవాల్సిందే. తన చేతులూ వట్టివే కదా అనుకున్నాడు. ఊరి మొదట్లో ఖాకీ చొక్కా విప్పి సంచిలో కుక్కి, బనీనుతో నడిచాడు. నాలుగు చుక్కలు మీద పడితే చాలు, తనింకా ఈ ఊరి మనిషే.

వీధంతా గోలగోలగా ఉంది. ముందు వెళ్తున్న మంగ్లుని నెత్తి నుంచి కాళ్ల దాకా ముంచేశారు. తర్వాత సోంబరు. ఎదురుగా బకెట్ పట్టుకుని రత్న, అతని భార్యకి చెల్లెలు. ఒకప్పుడు అతన్ని కాఫీతోటల దాకా తరిమి మరీ తడిపిన గుంట.

"ఏటి రత్నా, సూత్తన్నావు? నా సేతులూ వట్టివే" అని రెండు చేతులూ చాపాడు.

రత్న బకెట్ కింద పెట్టేసింది.

"మీరు డ్యూటీకెల్లి వత్తన్నారు కదా. మీకేటి ఈ ఆటలు" అంది. ఎప్పుడూ బావా, నువ్వూ అనే మనిషి. వెనక్కి తిరిగి, "దారియ్యండే, ఆయన్ని ఎల్లనియ్యండి" అని మిగతావాళ్లకి చెప్పింది.

ఆడవాళ్లు గోడల వారకి జరిగారు. తిట్టి ఉంటే సోంబరు తిరిగి తిట్టేవాడు, మర్యాదకి ఏం బదులు చెబుతాడు? తలవంచుకుని నడిచాడు. అతను మలుపు తిరిగాక వెనక మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. మరక పడని బనీనుతో గుమ్మంలో కూలబడి, సోంబరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.