మసి దిద్దే మావగారు

మా మావగారు ఒకప్పుడు ఆవిరి ఇంజను డ్రైవరు. ఆ మనిషి ఇంటికి కోడలినైనందుకు దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. కోటబొమ్మాళిలో ఇంటి అరుగు మీద కూర్చుని, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పట్టుకుని, మూరెడు బొమ్మ ఇంజనుకి మసి, తుప్పు, నూనె మరకలు దిద్దేవారు. "పని సేసిన బండిలాగుండాల" అనేవారు.

నెలల తరబడి దిద్దిన ఆ మసిని దసరా పొద్దున్న మా అత్తగారు కుంకుడురసంతో కడిగేశారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కత్తిపీట పక్కన పూజలో ఉంచారు.

మావగారు స్నానం చేసి వచ్చి చూశారు.

"ఒసే, ఏటి సేసినావే! నా మసంతా ఏదే?"

"అమ్మోరి ముందర ఆ మురికితో ఎడతానేటి మావా? కత్తిపీటా తోమేను, ఇంజనూ తోమేను" అన్నారు అత్తగారు.

ఇక ఆ పూట అన్నం ముట్టరనుకున్నాను. ఆయన మాత్రం చతికిలబడి, ఇంజను మీది బొట్టునే చాలాసేపు చూశారు.

"దసరాకి షెడ్డులో మేమూ ఇలాగే కడిగి బొట్టెట్టీవోలం" అన్నారు మెల్లగా.

లేచి వెళ్ళి ఎయిర్‌బ్రష్ తెచ్చారు. పూజలోనే మళ్ళీ మసి కొట్టేస్తారేమోనని భయపడ్డాను. ఆయన దాన్ని కండువాతో తుడిచి, ఇంజను పక్కనే పెట్టారు.

"దీనికీ ఓ బొట్టెట్టవే. రేపు మళ్ళీ మసి కొట్టాల గదా!"